వరద లెక్కకు ఎన్ని దిక్కులు

2009లో నైరుతి రుతుపవనాలు దేశం మొత్తం మీద సగటులో 78 శాతం వానే ఇచ్చి సరిపెట్టాయి. ఎక్కడ చూసినా కరువు మాటే. సరిగ్గా ఆ సమయంలో, సెప్టెంబరు నెలాఖరున, ఉత్తర కర్ణాటక మీదా కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల మీదా కుండపోత మొదలైంది. అక్టోబరు 2 నాటికి మంత్రాలయం వీధులు తుంగభద్రలో ఉన్నాయి. అలంపురం మునిగింది. తుంగభద్ర, హంద్రి కలిసే చోట ఉన్న కర్నూలు నగరం మునిగింది. దిగువన శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చి పడింది. ఆ ఆనకట్ట కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకున్న అతిపెద్ద వరద సుమారు 19 లక్షలు. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీటిమట్టం 896 అడుగుల దాకా పోయింది.

మంత్రాలయం మండలంలోని మాధవరం వైపు నుంచి తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా. ఆదోని, ఎమ్మిగనూరు జనానికి కర్ణాటక వెళ్ళే దారుల్లో ఇదొకటి. నది నిండుగా వచ్చినప్పుడల్లా ఈ ఒడ్డు ఊళ్ళలో వినిపించేవి రెండే ప్రశ్నలు: నీళ్ళు ఎంతవరకు వస్తాయి, ఎన్ని గంటలకు వస్తాయి? వీటికి జవాబు చెప్పగల సమీకరణాలు 1871 నుంచీ ఉన్నాయి. ఫ్రెంచి ఇంజనీరు సెయింట్ వెనాంట్ రాసినవి. ఒక చోట నీటి ఎత్తు ఎలా మారుతుందో, దాని వేగం ఎలా మారుతుందో, అటూ ఇటూ ఉన్న నీటితో ముడిపెట్టి చెబుతాయి. చోటును బట్టీ కాలాన్ని బట్టీ కూడా మారే ఇలాంటి రాశుల సంగతి చెప్పేవే పాక్షిక అవకలన సమీకరణాలు. వేడి పాకడం, గాలి వీయడం, షేర్ల బజారులో ఆప్షన్ ధర, అణువులో ఎలక్ట్రాను తిరుగుడు, అన్నీ ఈ కుదురులోవే.

సమీకరణం ఉండటం వేరు, దాన్ని విప్పి అంకె తీయడం వేరు. కాగితం మీద సూత్రంగా తేలే సందర్భాలు చాలా తక్కువ. మిగతా చోట్ల నేలను గళ్ళుగా కోసి, ఒక్కో గడికీ లెక్క కట్టుకుంటూ పోవాలి.

ఎంత పని అది? తుంగభద్ర వెంట 100 కిలోమీటర్ల పొడవు, 10 కిలోమీటర్ల వెడల్పు నేల తీసుకుందాం. 50 మీటర్ల గడులైతే మొత్తం 4 లక్షలు. పది మీటర్ల లోతు వరదలో అల సెకనుకు పది మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. లెక్క కాలంలో అంగలు వేస్తూ సాగుతుంది, ఒక్క అంగలో అల ఒక గడిని దాటిపోకూడదు. దాటితే లెక్క పిచ్చి అంకెలు కక్కుతుంది. కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు 1928లోనే ఈ షరతు తేల్చారు. అంటే నాలుగు సెకన్లకో అంగ వేయాలి. మూడు రోజుల వరదకు దాదాపు 65 వేల అంగలు. 4 లక్షల గడులు, 65 వేల అంగలు, మొత్తం 2600 కోట్ల సార్లు గడి లెక్క. మామూలు కంప్యూటరుకు ఇది గంటలోపు పని. గ్రాఫిక్స్ చిప్ ఉన్న యంత్రానికి నిమిషాల పని. గడిని సగానికి తగ్గిస్తే పని ఎనిమిది రెట్లవుతుంది: పొడవులో రెండు, వెడల్పులో రెండు, అంగల్లో రెండు. భారమే, కానీ డబ్బు పెట్టి కొనుక్కోగల భారం.

ఒకప్పుడు ఇదీ కలే. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆంగ్లేయుడు మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్సు దళంలో పనిచేస్తూ చేత్తో వాతావరణం లెక్క కట్టాడు. 1910 మే 20న ఐరోపాలో ఒక చోట ఆరు గంటల్లో గాలి పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని తేలింది. నిజానికి ఆ రోజు పీడనం పెద్దగా కదలనే లేదు. అయినా అతను వెనక్కి తగ్గలేదు. 1922లో అచ్చయిన పుస్తకంలో 64,000 మంది మనుషులు ఒకే హాలులో కూర్చుని ప్రపంచ వాతావరణాన్ని లెక్కగట్టే దృశ్యం ఊహించాడు. ఇవాళ పుణె వాతావరణ సంస్థలోని ‘అర్క’ సూపర్ కంప్యూటరు ఆ హాలును కోట్ల సార్లు మింగేయగలదు.

మరి చిక్కెక్కడ? పైన చెప్పిన లెక్కంతా ఒక నమ్మకం మీద నడిచింది: అన్నీ తెలుసు అన్న నమ్మకం. ఎగువ డ్యాము నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతారో తెలుసు, ఉపనది హగరి ఎంత మోసుకొస్తుందో తెలుసు, రేపు రాత్రి బళ్ళారి మీద ఎన్ని సెంటీమీటర్లు పడుతుందో తెలుసు, నది గర్భంలో ఇసుక ఎక్కడ మేట వేసిందో, ఒడ్డున కంపచెట్లు ఎంత దట్టంగా ఉన్నాయో తెలుసు. వీటిలో ఏదీ కచ్చితంగా తెలియదు. నీటిని నేల ఎంత పట్టి ఆపుతుందో చెప్పే అంకెను ఇంజనీర్లు మ్యానింగ్ గుణకం అంటారు. శుభ్రమైన ఇసుక గర్భానికి ఒక విలువ, కంప పెరిగిన ఒడ్డుకు దానికి మూడు నాలుగు రెట్ల విలువ. వరద నడి మధ్యలో ఎవరు వెళ్ళి కొలుస్తారు?

తెలియనివి పది అనుకుందాం. ఒక్కో దానికి పది విలువలు వేసి చూడాలంటే పదిని పదితో పది సార్లు హెచ్చించాలి: 1000 కోట్ల వరదలు. ఒక్కో వరద ఒక్క నిమిషంలో తేలినా మొత్తానికి 19 వేల ఏళ్ళు. యంత్రాన్ని వెయ్యి రెట్లు వేగంగా చేస్తే 19 ఏళ్ళు. పదకొండో తెలియని సంగతి చేరగానే మళ్ళీ 190.

తెలియని ప్రతి సంగతీ లెక్కకు ఒక కొత్త దిక్కు. పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు దిక్కుల్లో మనం బతుకుతాం కాబట్టి వాటిని ఊహించగలం. గణితానికి నాలుగోది, నలభయ్యోది, నాలుగు వందలదీ ఒకటే. ఇలాంటి దిక్కును ‘మితి’ అంటారు, కాలేజీల్లో డైమెన్షన్ అని చెప్పేది దీన్నే. నీరు పారేది రెండు మితుల నేల మీదే. కానీ ‘రేపు తెల్లారేసరికి గుడి మెట్లు మునిగే అవకాశం ఎంత?’ అని అడిగిన మరుక్షణం ప్రశ్న వేరే లోకంలోకి వెళుతుంది. ఆ అవకాశం నేటి పరిస్థితుల్లో ప్రతి ఒక్కదాని మీదా ఆధారపడుతుంది. అది ఎలా మారుతుందో చెప్పే సమీకరణాన్ని రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ 1931లో రాశాడు. అదీ పాక్షిక అవకలన సమీకరణమే. దాని మితులు మాత్రం తెలియనివెన్నో అన్ని.

ఇందులో ఒక విచిత్రం ఉంది. నిండు తుంగభద్రలో లెక్కలేనన్ని నీటి అణువులున్నా నది మొత్తం రెండు మితుల సమీకరణంలో ఇమిడిపోతుంది. ఆ నీటిలోంచి ఒక్క అణువును తీసి, అందులోని పది ఎలక్ట్రాన్ల నడతను ష్రోడింగర్ సమీకరణంతో లెక్క కట్టబోతే ముప్పై మితులు కావాలి, ఎలక్ట్రానుకు మూడు చొప్పున. పెద్ద వస్తువుకు పెద్ద లెక్క అన్న మామూలు ఊహ ఇక్కడ పనిచేయదు. సమీకరణాన్ని బరువెక్కించేది వస్తువు పరిమాణం కంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మారగలిగే సంగతులు ఎన్నున్నాయన్నదే.

ఈ భారానికి పేరు పెట్టినవాడు అమెరికన్ గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్. 1950లలో అతను పట్టుకున్న ప్రశ్న కృష్ణా పరీవాహకంలో ప్రతి వానాకాలం ఎదురయ్యేదే: దశలవారీగా నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఏ దశలో ఏది మంచిది? ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, తుంగభద్ర, శ్రీశైలం, నాగార్జునసాగర్, ఈ ఆరు జలాశయాలనే తీసుకుందాం. ఒక్కో దానిలో నీటిమట్టాన్ని 20 మెట్లుగా చూస్తే మొత్తం పరిస్థితులు 6.4 కోట్లు. ఫర్వాలేదు, కంప్యూటరు జ్ఞాపకంలో పడతాయి. ఒక్కో జలాశయానికి పైనుంచి రాబోయే నీటిని కూడా 20 మెట్లుగా కలిపితే 41 కోట్ల కోట్లు. గేట్లు ముందే ఎత్తితే కరువు ఏడాదిలో నీళ్ళు పోగొట్టుకున్న నింద, ఎత్తకపోతే 2009 నాటి గతి. ఈ రెంటి మధ్య తూకం వేయాలంటే ఆ పట్టికంతా నింపాలి. బెల్‌మన్ దీన్ని ‘మితుల శాపం’ అన్నాడు. గణితంలో శాపం అనే మాట ఇంత అధికారికంగా స్థిరపడిపోవడం అరుదు.

శాపం యంత్రాల చేతకానితనం వల్ల వచ్చిందా, లేక లెక్క స్వభావమే అంతా? 1959లో మాస్కోలో నికొలాయ్ బఖ్‌వలోవ్ దీన్ని సూటిగా ఎదుర్కొన్నాడు. ఓ మోస్తరు నునుపైన ప్రమేయం (ఫంక్షన్) విలువలను కొన్ని చోట్ల అడిగి తెలుసుకుని, దాని మొత్తం అంచనా వేయాలి. యాదృచ్ఛికత జోలికి పోని ఏ తెలివైన పద్ధతి వాడినా, పొరపాటును పదో వంతుకు దించడానికి రెండు మితుల్లో పది రెట్లు ఎక్కువ చోట్ల అడిగితే చాలు. ఇరవై మితుల్లో 1000 కోట్ల రెట్లు అడగాల్సిందే. అతను రుజువు చేసింది ఫలానా పద్ధతి చెడ్డదని కాక, అలాంటి ఏ పద్ధతీ దీన్ని మించలేదని. ప్రమేయం మరీ నునుపుగా ఉంటే తప్పించుకోవచ్చేమో అన్న ఆశ చాలా కాలం మిగిలింది. 2009లో ఎరిక్ నోవాక్, హెన్రిక్ వొజ్నియకోవ్‌స్కీ అనంతంగా నునుపైన ప్రమేయాల తరగతుల్లో కూడా వాటిని ఉజ్జాయింపుగా పట్టుకోబోతే శాపం వదలదని చూపారు.

రుజువైన గోడను తలతో ఢీకొని లాభం లేదు. గడచిన ఎనభై ఏళ్ళ కథంతా, ఏం వదులుకుంటే పక్కదారి దొరుకుతుంది అన్న బేరమే.

ఆ బేరాల్లో తొలినాటిదొకటి తుంగభద్ర సీమలో పుట్టిన తెలుగువాడిది. కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్.రావు, 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాజధానిలో బళ్ళారి జిల్లా. ఆదోని తాలూకా కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గానీ ఇటు రాలేదు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పట్టా పుచ్చుకుని కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. పొలాల్లో, ప్రయోగశాలల్లో పరీక్షలు చేసేవారికి అప్పటికే ఒక చిక్కు ఉంది. ఎరువు, నీరు, విత్తనం, నాటే దూరం, ఇలా పదమూడు సంగతులున్నాయి, ఒక్కోదాన్నీ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు రకాలుగా చూడాలి. అన్ని కలయికలూ వేస్తే 15,94,323 మళ్ళు కావాలి. అంత పొలం ఏ రైతు దగ్గరుంది?

1940లలో రావు ‘ఆర్థోగోనల్ అర్రేలు’ అనే అమరికలు ప్రవేశపెట్టారు. వాటిలో ఒక దాని ప్రకారం ఇదే పని 27 మళ్ళతో సరిపోతుంది. ఇరవై ఏడంటే ఇరవై ఏడే. కిటుకు అమరికలో ఉంది: పదమూడింటిలో ఏ రెండు సంగతులు తీసుకున్నా వాటి తొమ్మిది కలయికలూ ఆ 27 మళ్ళలో సమానంగా, తలా మూడు సార్లు వస్తాయి. అందువల్ల ఒక్కో సంగతి ప్రభావం మిగతా వాటితో కలగాపులగం కాకుండా విడిగా తేలుతుంది. జపానులో టగూచి వీటిని కార్ఖానాల్లోకి తీసుకెళ్ళాడు. 1990లలో గణాంకవేత్తలు కంప్యూటరు ప్రయోగాల్లోకి తెచ్చారు. వరద నమూనాను పదమూడు తెలియని సంగతులతో నడపాలన్నా ఇదే దారి. పదహారు లక్షల వరదలకు బదులు 27. బదులుగా ఏం పోతుంది? రెండు మూడు సంగతులు జతకట్టి చేసే పని విడిగా కనపడకుండా పోతుంది. హగరి పొంగడం, ఎగువ డ్యాము గేట్లెత్తడం, హంద్రి ఉరకడం ఒకే రాత్రి జరిగితే వచ్చే ప్రత్యేకమైన ముప్పు అలాంటిది. 2009 గుర్తున్నవారికి ఇది చిన్న నష్టంగా తోచదు. రావు 2023 ఆగస్టులో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఆయనకు వచ్చింది ఆ ఏడాదే.

రెండో బేరం మరీ మొరటుగా కనిపిస్తుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గిన్నె చిన్నదా పెళ్ళివారి గుండిగా అన్నది మెతుకు అడగదు. స్తానిస్లావ్ ఉలాం, జాన్ ఫాన్ నాయిమన్ 1940ల చివర్లో అణ్వాయుధాల లెక్కల కోసం మొదలుపెట్టిన మాంటీ కార్లో పద్ధతి బలమంతా ఇందులోనే ఉంది. తెలియని సంగతులకు పాచికలు వేసి విలువలు తీసుకుని వరదను ఒకసారి నడుపు. మళ్ళీ వేయి, మళ్ళీ నడుపు. వెయ్యి సార్లలో 130 సార్లు మెట్లు మునిగితే అవకాశం 13 శాతం. తెలియని సంగతులు పదయినా పదివేలయినా వెయ్యి సార్లకు వచ్చే పొరపాటు దాదాపు అంతే. 19 వేల ఏళ్ళ పని ఒక యంత్రంతో 17 గంటల్లో, నూరు యంత్రాలతో పది నిమిషాల్లో తెములుతుంది.

ఖరీదు ఇక్కడా ఉంది. పొరపాటును పదో వంతుకు తగ్గించాలంటే నూరు రెట్లు ఎక్కువ సార్లు నడపాలి. దీనికి తోడు జవాబు ఎప్పుడూ ‘బహుశా’తోనే వస్తుంది.

ఈ మెతుకు పద్ధతి పాక్షిక అవకలన సమీకరణాలకు ఎలా అతుకుతుందో 1940ల చివర్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో తేలింది. భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఉపన్యాసం విన్న గణితవేత్త మార్క్ కాట్స్, తామిద్దరం రెండు వైపుల నుంచి ఒకే పనిమీద ఉన్నామని గుర్తించాడు. కొన్ని రకాల సమీకరణాల జవాబు, ఒక బిందువు దగ్గర, ఆ బిందువు నుంచి యాదృచ్ఛికంగా బయలుదేరిన దారులన్నిటి సగటుకు సమానం. దారులను కంప్యూటరులో వేసి సగటు తీస్తే చాలు, గడుల పని లేదు. గమనించాల్సిన షరతు ఒక్కటే: జవాబు ఒక్క బిందువు దగ్గరే వస్తుంది. ‘అన్ని రకాల పరిస్థితులకూ జవాబుల పట్టిక ఇవ్వు’ అంటే శాపం తిరిగొస్తుంది. ‘ఇవాళ్టి పరిస్థితికి మాత్రం చెప్పు’ అంటే నూరు మితుల్లోనూ జవాబు దొరుకుతుంది. మాధవరం మనిషికి కావలసింది రెండోదే కదా.

ఆదోని పత్తి బజారుకు ఈ కథతో దగ్గరి సంబంధం ఉంది. యార్డులో క్వింటాలు పత్తికి ఎంత పాడాలో తేల్చుకునే వ్యాపారి మనసులో దూది క్యాండీ ధర, గింజల ధర, చెక్క ధర, న్యూయార్కు ఫ్యూచర్స్, డాలరు రేటు అన్నీ తిరుగుతుంటాయి. ‘ఫలానా తేదీన ఫలానా ధరకు కొనే హక్కు’ విలువను లెక్కగట్టే బ్లాక్, షోల్స్ సమీకరణం 1973లో వచ్చింది. ఒక్క సరుకైతే ఒక్క మితి, చేతి లెక్కే. పై ఐదింటి మీదా కలిపి ఆధారపడే ఒప్పందమైతే ఐదు మితులు. వాల్‌స్ట్రీట్‌లో ఇంటి అప్పులను మూటకట్టి అమ్మే పత్రాల దగ్గర ఇది 360కి చేరింది: ముప్పై ఏళ్ళ అప్పు, నెలనెలా ఎంతమంది ముందే తీర్చేస్తారో తెలియదు. 1990లలో కొలంబియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ ట్రాబ్, స్పాసిమిర్ పాస్కోవ్ దీన్ని పట్టుకుని, పాచికలకు బదులు రష్యన్ గణితవేత్త సోబోల్ 1967లో కూర్చిన, ఎడాపెడా కాకుండా సమంగా పరచుకునే బిందువులను వాడారు. అన్ని మితుల్లో అవి పనికిరావన్నది అప్పటి నిపుణుల మాట. మాంటీ కార్లో కంటే అవే త్వరగా జవాబు తెచ్చాయి. తర్వాత తీరిగ్గా కారణం వెతికితే, పేరుకు 360 మితులున్నా ధరను నిజంగా కదిలించేవి కొన్నేనని తేలింది. ఈ అదృష్టం చాలా నిజ జీవితపు లెక్కల్లో ఉంటుంది. ముందే ఉంటుందని ఎవరూ మాటివ్వలేరు, అదొక్కటే తంటా.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థకు కలిసొచ్చింది ఇంకో రకం అదృష్టం. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007 అక్టోబరులో అక్కడ హెచ్చరిక కేంద్రం మొదలైంది. భూకంపం వచ్చాక నిమిషాల్లో చెప్పాలి. ఎక్కడ, ఎంత లోతున, ఎంత తీవ్రతతో, ఎంత మేర నేల చీలిందో అనే ప్రతిదీ ఒక మితి. అన్ని కలయికలనూ ముందే లెక్కగట్టి దాచుకోవడం అసాధ్యం. అయితే నడిసముద్రంలో సునామీ అల ఎత్తు లోతుతో పోలిస్తే బహు స్వల్పం. అక్కడ సమీకరణం సరళంగా ప్రవర్తిస్తుంది: రెండు చిన్న చీలికల అలలను కూడితే వాటి జంట చీలిక అల వస్తుంది. కాబట్టి చీలిక ప్రాంతాలను చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క అలను ముందే లెక్కగట్టి దాచుకుని, ప్రమాద సమయంలో కూడుకుంటారు. హెచ్చవేతగా పెరగాల్సిన పని కూడికకు దిగింది. తీరం దగ్గర లోతు తగ్గి అల లేచి నిలబడే సరికి ఈ సౌకర్యం పోతుంది. ఊళ్ళోకి నీరు ఎంత దూరం వస్తుందన్న లెక్కకు మళ్ళీ మొదటి నుంచి కష్టపడాల్సిందే. నది వరదకు ఈ సుఖం మొదటి నుంచీ లేదు, లోతు మారితే నడకే మారిపోతుంది.

మెతుకు పద్ధతికున్న అసలు లోపం అరుదైన వాటి దగ్గర బయటపడుతుంది. మెతుకు అన్నం ఉడుకు చెబుతుంది గానీ అడుగున ఉన్న రాయి సంగతి చెప్పదు. పదివేల వరదల్లో ఒక్కసారి వచ్చే వరదను వెయ్యి పాచికల్లో వెతికితే చాలా వరకు ఒక్కసారీ తగలదు, యంత్రం ‘అవకాశం సున్నా’ అని నిశ్చింతగా చెప్పేస్తుంది. ఆనకట్టలు తెగేది ఇలాంటి సున్నాల దగ్గరే. అందుకని హర్మన్ కాన్, థియడోర్ హారిస్ 1951లో రాసిన ఒక ఉపాయాన్ని ఇప్పటికీ వాడుతున్నారు: ప్రమాదం వైపు సగం దూరం వచ్చిన దారి దొరికితే దాన్ని వదలకుండా పది పిలకలుగా చీల్చి ముందుకు నడపడం, చివర్లో ఆ చీలికలను లెక్కలోంచి భాగించేయడం. ఏది ‘ప్రమాదం వైపు’ అన్నది ముందే తెలిసి ఉండాలి మరి.

అంచనా దాటి నిర్ణయం దగ్గరికొస్తే లెక్క ఇంకా ముదురుతుంది. గేటు ఎంత ఎత్తాలన్నది రేపటి ముప్పును బట్టి, రేపటి ముప్పు ఈ గేటును బట్టి. జవాబు సమీకరణంలో తనలో తానే ముడిపడి ఉంటుంది. ఫైన్‌మన్, కాట్స్ దారి ఇక్కడ సూటిగా నడవదు: ప్రతి దారిలో ప్రతి మలుపు దగ్గరా మళ్ళీ వెయ్యి దారులు వేయాలి, వాటి మలుపుల దగ్గర మళ్ళీ వెయ్యి. 1990ల తొలినాళ్ళలో ఎతియెన్ పార్దూ, షిగే పెంగ్ ఇలాంటి సమీకరణాలను వెనక నుంచి ముందుకు నడిచే యాదృచ్ఛిక సమీకరణాలుగా తిరగరాశారు. ఆ పునాది మీద 2018లో జియెచున్ హాన్, ఆర్నుల్ఫ్ యెంట్సెన్, వైనాన్ ఇ నాడీజాలాలను (న్యూరల్ నెట్‌వర్క్‌లను) దించారు. తెలియని వాలును ఊహించే పని నాడీజాలానికి అప్పగించి, చివరి రోజు లెక్క సరిపోయేదాకా దాన్ని సరిదిద్దడం. నూరు మితుల సమీకరణాలకు మామూలు ల్యాప్‌టాప్ మీద అరగంటలోపు, ఒక శాతం లోపు పొరపాటుతో జవాబు తెచ్చారు. వాటిలో ఒకటి బెల్‌మన్ పేరు మోసే నిర్ణయాల సమీకరణమే. ఇక్కడా జవాబు ఒక్క బిందువు దగ్గరే.

పత్రికలు దీన్ని శాపవిమోచనంగా రాశాయి. కాస్త తొందరపాటే. మంచి జవాబు చెప్పగల నాడీజాలం ఉంటుందని కొన్ని సమీకరణాలకు రుజువుంది. శిక్షణలో యంత్రం దాన్ని కనుక్కుని తీరుతుందని మాత్రం రుజువు లేదు. మూడే కణుపులున్న బుల్లి జాలాన్ని కూడా ఇచ్చిన ఉదాహరణలకు సరిగ్గా అమర్చడం, అన్ని సందర్భాల్లోనూ, కంప్యూటరు శాస్త్రంలో కఠినమని పేరుపడ్డ తరగతికి చెందుతుందని అవ్రిమ్ బ్లమ్, రొనాల్డ్ రివెస్ట్ 1980ల చివర్లోనే చూపారు. యెంట్సెన్, మార్టిన్ హుట్సెన్‌థాలర్ తదితరులు వేరే దారి పట్టి, లోపలి మలుపుల దగ్గర వెయ్యి దారులు వేయకుండా లోతుకు పోయేకొద్దీ తక్కువ దారులతో సర్దుకునే ‘బహుళస్థాయి పికార్’ పద్ధతి తెచ్చారు. దీనికి పూర్తి రుజువుంది: కొన్ని షరతులకు లోబడిన అర్ధసరళ సమీకరణాలకు మితులు పెరిగినా పని ఘాతీయంగా పెరగదు. ఆచరణలో ఒకటి చురుకైనది, హామీ లేనిది. రెండోది హామీ ఉన్నది, పరిధి చిన్నది.

కేంద్ర జల సంఘం మంత్రాలయం దగ్గర తుంగభద్ర మట్టాన్ని కొలుస్తూనే ఉంది. వాతావరణ శాఖ ఒక్క జోస్యానికి బదులు కాస్త కాస్త తేడాలతో ఇరవై పైచిలుకు జోస్యాల గుంపును నడిపి, వాటి చెదరును బట్టి అవకాశం చెబుతోంది. అదీ మెతుకు పద్ధతే. జలాశయాల దగ్గర గేట్ల నిర్ణయం మాత్రం ఇప్పటికీ ఏ తేదీకి ఎంత మట్టం ఉంచాలో చెప్పే పట్టికలు చేతిలో పెట్టుకుని ఇంజనీర్లు తీసుకునేదే. నాడీజాలం ‘గేట్లు ఎత్తు’ అన్నప్పుడు ‘ఎందుకు?’ అని వాళ్ళు అడుగుతారు. నూరు మితుల్లో తేలిన జవాబుకు రెండు వాక్యాల కారణం చెప్పగల పద్ధతి కోసం ఇంకా పని జరుగుతోంది.